బరువు మార్చుడు

తాయిచీ అన్నప్పుడు
చాయ్ పోస్తరేమో అనుకున్న.
కొత్తవాడ సొసైటీ గోదాంల
జంపఖానా కట్టలు ఒక గోడకు జరిపి
పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు ఏసింది ఆ పిల్ల.
పేరు నుజహత్. ఫిజియోథెరపీ చదివింది.
చేతుల కట్టె లేదు, గడియారం ఉన్నది.

"కుర్చీలకెల్లి లెవ్వు పెద్దయ్యా,
ఆ సున్నం గీత దాక నడువు,
మర్రి వచ్చి కూసో."

మూడు మీటర్లు.
పొద్దందాక పడుగు సాగదీసినోన్ని,
మూడు మీటర్లు పోయి వచ్చుటానికి
పందొమ్మిది సెకండ్లు పట్టింది.
రిజిస్టర్ల రాసుకున్నది, ఏమనలే.
అనకపోవుడే తాకింది.

పడ్డది పోయిన వానకాలం.
బాత్రూం గడప కాడ, తువ్వాల కోసం ఎనక్కు తిరిగి.
ఎముకలు మంచిగనే ఉన్నయని
ఎంజీఎంల ఫోటో తీసి చెప్పిండ్రు.
భయం ఫోటోల పడదు.
గప్పటి సంది గోడ పట్టుకునే నడిచిన.
మంచం కాడికెల్లి పెరటి దాక
సున్నం మీద నా అరచేతి మరక
ఒక బాట లెక్క పోతది.
పోచమ్మమైదాన్ హోటల్ బంద్.
చిట్టీల కాడికి పోవుడు బంద్.
నడువకుంటె పడ అనుకున్న.
నడువక నడువక తొడలు సగమైనయ్.

"మెల్లగ," అంటది. "ఇంకా మెల్లగ.
గాలి నీళ్ళ లెక్క ఉన్నదనుకో.
మోకాలు జర వంచు.
బరువంత ఎడమ కాలు మీదికి రానీ.
కుడి కాలు ఖాళీ అయినంకనే లేపు."

ఓదెలు నవ్విండు:
"గీ డాన్సుకు ఇంత పొద్దుగాల లేసుడా?"
రెండో వారం నుంచి రాలే.
సారక్క మాత్రం కుచ్చిళ్ళు దోపుకొని వచ్చేది,
మబ్బును పక్కకు నూకినట్టు చేతులాడిచ్చుకుంట.

నాకు నాలుగో దినం తెలిసింది.
బరువు ఎడమకు, కుడి ఖాళీ.
బరువు కుడికి, ఎడమ ఖాళీ.
అరే, ఇది గుంట మగ్గం గదా!
నలభై మూడేండ్లు గుంటల కాళ్ళేలాడేసి
ఇదే గదా తొక్కిన.
ఒక పావుకోడు దిగితె ఒకటి లేస్తది,
నడుమ తెరుసుకున్న సందుల నుంచి నాడె ఉరుకుతది.
కాలు ఎప్పుడు మార్చాల్నో ఎవడన్న జెప్తడా?
చప్పుడే చెప్తది.
ఇక్కడ చప్పుడు లేదు,
నూలు లేదు, కూలి కూడ లేదు,
అరచేతుల నడుమ ఉత్త గాలి పేక.

నుజహత్ తోని ఆ ముచ్చట చెప్పిన.
క్లాసు ఆపి, చూపియ్యమన్నది.
కట్టల అంచుకు కూసోని తొక్కి చూపిచ్చిన.
మర్నాటి సంది ఒకటి, రెండు అనుడు మానింది.
"తొక్కు, మార్చు. తొక్కు, మార్చు."

పన్నెండు వారాలు. మంగళారం, శుక్రారం.
మల్ల గడియారం.
నాకు పదమూడు.
సారక్కకు ముందు పదిహేడు, ఇప్పుడూ పదిహేడే.
ఆమె ఫికర్ చెయ్యలే.
"ఇంట్ల నాతోని ఇంత మెల్లగ
ఎవలు మాట్లాడ్తరు బిడ్డా?" అన్నది.

మోకాలు నొప్పి పోలే, అబద్ధమెందుకు.
మెట్లు దిగుతుంటె ఇప్పటికీ కటకటమంటది.
కాని నిన్న లేబర్ కాలనీ మూలకాడ
ఆటో ఒకటి మీది మీదికొచ్చింది.
జరుగాల్నని నేననుకోలే.
బరువే అనుకున్నది.
ఎడమ కాలు ఖాళీ అయి ఎనక్కు వోయింది,
నేను దాని ఎనుక వోయిన.
నిలవడ్డ.
ఆటోవోడు తిట్టుకుంట పోయిండు.
ఆ తిట్టు కూడ మంచిగనిపిచ్చింది.

ఈ పొద్దు
మంచం మీద కూసోకుండ
నిలవడి ప్యాంటు తొడుక్కున్న.
ఒక కాలు.
మల్ల ఒక కాలు.

కనకవ్వ పొయ్యి కాడికెల్లి చూసింది.
"ఏడికి?"
"ఓదెలు కాడికి. హోటల్ల చాయ్ తాగొస్తం."
గోడ మీది మరకల దిక్కు చూసుకుంట అన్నది:
"వచ్చేటప్పుడు
రెండు కిలోల సున్నం పట్కరా."